రెండే కులాలా? 'వాడుక ఇస్లాం' మీద ఉద్దానం నుంచి కొన్ని ప్రశ్నలు

జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పరిశోధకురాలు హైదరాబాదులో ఒక ముస్లిం స్త్రీ నడిపిన వైద్యపు గదిలో ఏళ్ల తరబడి కూర్చుని, చూసి, విని ఒక పుస్తకం రాసింది. పేరు 'ఇన్ అమ్మాస్ హీలింగ్ రూమ్'. 2006లో ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. అమ్మ అన్నది అందరూ పిలిచే పిలుపు. ఆవిడ మెడలో స్టెతస్కోపు వేసుకున్న డాక్టరమ్మ కాదు. కాగితం ముక్కల మీద అరబిక్ అక్షరాలు రాసి తావీజు కట్టుకోమంటుంది, నీళ్లలో వేసి తాగమంటుంది, దువా చదివి ఊదుతుంది. వచ్చినవాళ్ల పేరు అడిగి, అక్షరాల లెక్క కట్టి బాధ ఎక్కణ్ణించి వచ్చిందో చెప్తుంది. ఆవిడ దగ్గరికి ముస్లింలే కాదు, హిందువులూ కిరస్తానీలూ కూడా వచ్చేవారు. పిల్లకి జ్వరం, మొగుడు సరిగా చూడడం లేదు, కడుపు పండలేదు, ఇంట్లో తగాదాలు, వ్యాపారం సాగడం లేదు. ఆ గదిలో ఇవన్నీ రోగాలే, అన్నిటికీ మందు ఆ కాగితమే.

పుస్తకం మంచిది. ఈ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయేవన్నీ తగాదా మాటలు. ముస్లిం స్త్రీ అనగానే బురఖాతో మొదలుపెట్టి తలాక్‌తో ముగించే రాతలు మనకి అలవాటైపోయాయి. ఫ్లూకిగర్ ఆ దారిన పోలేదు. అమ్మని బాధితురాలిగా చూడలేదు, పనిమంతురాలిగా చూసింది. 2001 తర్వాత అఫ్ఘానిస్తాన్ మీద యుద్ధానికి అక్కడి ఆడవాళ్ల విముక్తిని అమెరికా సాకుగా చూపినప్పుడు లీలా అబూ లుఘోద్ 2002లో ఒక వ్యాసం రాసి, ముస్లిం స్త్రీలను రక్షించడానికి బయల్దేరిన వాళ్లని నిలదీసింది. మన దేశంలో 2019 తలాక్ చట్టం వచ్చినప్పుడు అదే ప్రశ్న మన గుమ్మం ముందు నిలబడింది. తలాక్ చెప్పిన మొగుడికి మూడేళ్ల దాకా జైలు అన్నారు. జైల్లో ఉన్నవాడు భరణం ఎక్కణ్ణించి తెచ్చిస్తాడని ముస్లిం స్త్రీలే అడిగారు. రక్షకులకి ఆ ప్రశ్న వినిపించలేదు. ఇలాంటి కాలంలో ఒక ముస్లిం స్త్రీని ఆవిడ చేతి పనితో, ఆవిడ మాటతో మన ముందుకు తెచ్చిన పుస్తకాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం.

తగాదా ఎక్కడంటే, కులం దగ్గర. పుస్తకానికి ముందే, 1997లో, 'ఓరల్ ట్రెడిషన్' అనే పత్రికలో ఫ్లూకిగర్ ఒక వ్యాసం రాసింది. దానికి అమ్మ అన్న మాటనే పేరుగా పెట్టింది. లోకంలో ఉన్న కులాలు రెండే, ఆడా మగా అన్నది ఆ మాట. ఆ తర్వాత ఈ మాటని పట్టుకోకుండా అమ్మ గురించి ఎవరూ రాయలేదంటే అతిశయోక్తి కాదు. మతాలకి అతీతంగా అందర్నీ ఒక్కలా చూసిన స్త్రీ, ఆడతనం వల్ల వచ్చే అడ్డంకుల్ని తెలివిగా దాటుకుంటూ బతికిన స్త్రీ అని ఆ ఒక్క మాట నుంచే రెండు పాఠాలు లాగుతారు.

నాకు ఆ మాట చదివినప్పుడు సంతోషం, చురుకు రెండూ తగిలాయి. సంతోషం ఎందుకో చెప్పక్కర్లేదు. వచ్చినవాడి మతం అడగకుండా మంచినీళ్లు ఊది ఇచ్చే చెయ్యి ఎవరిదైనా గొప్పదే. చురుకు ఎందుకంటే ఈ రెండు కులాల లెక్క మనకి కొత్త కాదు. మా పక్క జిల్లా గురజాడ కూడా 'లవణరాజు కల'లో రెండు కులాల లెక్కే చెప్పాడు. అక్కడ మంచీ చెడూ, ఇక్కడ ఆడా మగా. లెక్క చెప్పేవాళ్ల మనసు మంచిదే. కానీ ఉన్న కులాల్ని రెండుకి కుదించేసరికి మాలపేట, రెల్లివీధి ఎక్కడికి పోయాయి? తెలుగులో 'ఆడజాతి, మగజాతి' అంటాం, ఎవరికీ నొప్పి కలగదు. అమ్మ వాడిన మాట కూడా 'జాతి' అన్నదే. ఆ మాట ఇంగ్లీషులో 'కాస్ట్' అయ్యేసరికి అది ఒక సిద్ధాంతం అయి కూర్చుంది. ఒక ముసలావిడ తన గదిలో అన్న మాటకి అంత బరువు మోపింది ఆవిడ కాదు, అనువాదం. అమ్మతో నాకు పేచీ లేదు. ఆ మాట దగ్గరే ఆగిపోయిన చదువరులతోనే పేచీ.

ముస్లింలలో కులం లేదా? అంబేడ్కర్ 1940ల్లో పాకిస్థాన్ సమస్య మీద రాసిన గ్రంథంలో దీని మీద సూటిగా మాట్లాడాడు. 1901 నాటి బెంగాల్ జనాభా లెక్కల్ని తీసుకుని అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే అంతరాలు చూపించాడు. అర్జాల్ అంటే మసీదు గడప దాటనివ్వని వాళ్లు, అందరి ఖబరస్తాన్‌లో చోటు లేని వాళ్లు. అదే గ్రంథంలో పర్దా గురించి కూడా ఘాటుగా రాశాడు. ఇప్పుడా పేజీల్ని హిందూత్వ వాళ్లు చించుకుపోయి వాడుకుంటున్నారు, అది నిజం. హిందూ సమాజం గురించి ఆయన రాసిన పేజీలు మాత్రం వాళ్ల చేతికి తగలవు. అలాగని ఆ పేజీల్ని మనం వాళ్లకి వదిలేస్తే ఎలా? కులం గురించీ స్త్రీ గురించీ ఒకే చోట మాట్లాడిన మనిషి ఆయన. ఆ రెంటినీ విడదీసి ఒకటి చాలు అనుకుంటే ఏం జరుగుతుందో అమ్మ పుస్తకం మీద వచ్చిన మెచ్చుకోళ్లు చూస్తే తెలుస్తుంది.

మన రాష్ట్రం సంగతే తీసుకుందాం. 2007లో ముస్లింలలో వెనకబడిన వర్గాలకి 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేసినప్పుడు బీసీ-ఇ జాబితా తయారైంది. అందులో పేర్లు చదవండి. తురక చాకలి, ముస్లిం మంగలి, ఖసాబులు అంటే మాంసం కొట్టేవాళ్లు, గారడీ వాళ్లు, పాములవాళ్లు, అత్తరు సాయిబులు, అచ్చుకట్లవాళ్లు, ఫకీర్లు. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వాళ్లని ఆ చట్టమే పక్కన పెట్టింది. దూదేకుల వాళ్లు అంతకు ముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. అంటే కులం లేదన్న చోట సర్కారు ఒక్కో కులానికీ గడి గీసి పేరు రాయాల్సి వచ్చింది. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తే అది నిలబడింది. ఇంకో పక్క 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల్లో ముస్లింలకీ క్రైస్తవులకీ చోటు లేదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో తలుపు తీశారు, వీళ్లకి ఇంకా తియ్యలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ తియ్యమని చెప్పినా తియ్యలేదు.

ఆ జాబితాలో ఫకీరు పేరు ఎందుకు ముఖ్యమంటే, తావీజు, ఊదుపొగ, దువా చదివి ఊదడం అనేవి పల్లెల్లో ఫకీరు కులం బతుకుతెరువు. ఊళ్లోకి నెమలీకల కట్టతో వచ్చి, దుకాణాల ముందు సాంబ్రాణి పొగ వేసి, పిల్లల నెత్తి మీద ఆ కట్ట తట్టి, ఇచ్చిన చిల్లర పుచ్చుకు పోయే మనిషిని మనం అందరం చూశాం. అతని దగ్గర ఉన్నది కూడా జ్ఞానమే. కానీ అతన్ని ఎవరూ పుస్తకానికి ఎక్కించరు. అతన్ని బిచ్చగాడు అంటారు. అమ్మ చేసేది, అతను చేసేది వరస చూస్తే ఒకటే. తేడా ఏమిటంటే అమ్మ గదిలో కూర్చుంటుంది, రోగి నడిచొస్తాడు. ఫకీరు నడుస్తాడు, రోగి కూర్చుంటాడు. అమ్మ అరబిక్ అక్షరం రాయగలదు. అమ్మ వెనక పీర్‌గా పేరున్న భర్త ఉన్నాడు. ఈ మూడు తేడాల్లోనే సగం కులం, సగం ఆడతనం దాక్కుని ఉన్నాయి.

ఫ్లూకిగర్ ఈ లోకానికి పెట్టిన పేరు 'వర్నాక్యులర్ ఇస్లాం'. నేను దాన్ని 'వాడుక ఇస్లాం' అంటున్నాను. ఈ మాట కావాలనే ఎంచుకున్నాను. మాది గిడుగు రామమూర్తి తిరిగిన నేల. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం లేకపోతే నాలాంటి వాడు ఈ వ్యాసం రాయడం అయ్యేది కాదు. అయినా ఒక మాట చెప్పుకోవాలి. ఆనాడు గెలిచింది అందరి వాడుకా కాదు, శిష్ట వ్యావహారికం. చదువుకున్న పెద్దకులాల ఇంట్లో మాట్లాడే మాట అచ్చులోకి వచ్చింది. మాలపేట మాట, జాలరి మాట వాడుకే అయినా వాడుక కింద జమ కాలేదు. అది రావడానికి దళిత సాహిత్యం దాకా ఆగాల్సి వచ్చింది. గిడుగు సవరలతో కలిసి వాళ్ల భాష నేర్చుకుని 1931లో దాని మీద వ్యాకరణ గ్రంథం అచ్చువేశాడు. గొప్ప పని. ఆయనకి ఆ భాష చెప్పిన సవర మనుషుల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడ ఉన్నాయి? కాబట్టి ఏ 'వాడుక' గురించి మాట్లాడినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఎవరి వాడుక? వాడుక ఇస్లాంలో కూడా శిష్టులు ఉన్నారు. అక్షరం రాసేవాడు శిష్టుడు, నెమలీకల కట్ట ఊపేవాడు కాడు.

ఇక స్త్రీ సంగతి. మా ఇచ్ఛాపురం వైపు, ఆ మాటకొస్తే తెలుగు ఊళ్లు చాలా వాటిలో, సాయంత్రం నమాజు వేళకి మసీదు వాకిట్లో ఆడవాళ్లు నిలబడి ఉంటారు. చంకలో పిల్లలు, చేతిలో నీళ్ల సీసా. నమాజు ముగించుకుని బయటికొచ్చే మగవాళ్లు ఒక్కొక్కరూ పిల్లాడి మొహం మీద, నీళ్ల మీద ఊదుకుంటూ పోతారు. నా చిన్నప్పుడు మా మామ్మ నన్నలాగే ఎత్తుకుపోయేది. "సాయిబు నోటంట దేవుడి పేరొచ్చింది, ఆ గాలి సోకితే సాల్రా" అనేది. మా మామ్మని గుడి లోపలికి రానివ్వలేదు. మసీదు లోపలికి ఆవిడ వెళ్లలేదు. గుడి దగ్గర కాళ్లు ఆపింది కులం, మసీదు దగ్గర ఆడతనం, మతం. అయితే మసీదు వాకిట్లో ఎవరూ ఆవిడని దూరంగా జరగమనలేదు. ఈ తేడా చిన్నది కాదు. దీన్ని మత సామరస్యం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆవిడ చేసిన లెక్క అంతా పోతుంది. ఎక్కడ నిలబడితే తోసెయ్యరో ఆవిడకి తెలుసు. నన్నడిగితే స్థానిక జ్ఞానం అంటే మొదట అదే.

అక్కడ ఊదేవాళ్లు అందరూ మగవాళ్లే, ఊదించుకునేవాళ్లు అందరూ ఆడవాళ్లూ పిల్లలూనే. అమ్మ చేసిన తిరుగుబాటు ఇక్కడ అర్థమవుతుంది. మగవాడి నోటికే ఉందనుకున్న ఊపిరిని ఒక ఆడది తన నోటికి తెచ్చుకుంది. మగవాళ్లు కూడా వచ్చి ఆ ఆడదాని ముందు కూర్చున్నారు. అయితే అదే అమ్మ, ఆడది పీర్ కాలేదని తనే ఒప్పుకుంటుంది. తన గద్దె భర్త అండతో నిలబడిందని చెప్తుంది. ఫ్లూకిగర్ దీన్ని 'నెగోషియేషన్' అంటుంది, అంటే సర్దుబాటు చేసుకుంటూ చోటు సంపాదించడం. ఈ మాట ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ప్రతి అణచివేతకీ అతికించే అట్ట అయిపోయింది. కూలి బేరం కుదరనప్పుడు మా వాళ్లు చేసేది కూడా నెగోషియేషనే అనొచ్చు. కానీ బేరంలో ఒక వైపు వాడు పొద్దున్న తిని వచ్చాడు, ఇంకో వైపు వాడు తినలేదు. రెండే కులాలు అన్న అమ్మ మాటలో వ్యంగ్యం ఇక్కడుంది. మతాల గీతలు, కులాల గీతలు అన్నీ చెరిపి ఆవిడ ఒక్క గీత ఉంచింది. ఆ ఒక్క గీతే ఆవిడని పీర్ కానివ్వలేదు.

ఈ విషయంలో తెలుగు ముస్లిం కవులు, కథకులు మన పరిశోధకుల కంటే ముందున్నారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చాక ముస్లింవాదం అనే మాట నిలబడింది. ఆ తర్వాత షాజహానా 'నఖాబ్' కవిత్వం వచ్చింది. నఖాబ్ లోపలి ఉక్కపోతా, దాన్ని లాగెయ్యాలని చూసే బయటి చేతులూ రెండూ సమస్యలేనని ముస్లిం స్త్రీలు తెలుగులోనే చెప్పారు. దళిత స్త్రీలు కూడా అగ్రకుల స్త్రీవాదంతో సరిగ్గా ఈ తగాదాయే పెట్టుకున్నారు. ఇది అమెరికాలో రుజువు కావాల్సిన సంగతి కాదు. అయినా మన పత్రాల్లో వీళ్ల పేర్లు ఆఖర్న వస్తాయి, అబూ లుఘోద్ పేరు ముందు వస్తుంది. నేనూ ఈ వ్యాసంలో ఆ వరసే పాటించాను, చూశారుగా. చదువు మనకి అలా అబ్బింది.

ప్రపంచీకరణ అనే మాటకొద్దాం. వాడుక ఇస్లాం మీద రాసేవాళ్లు దీన్ని ఎక్కువగా ఒకే వైపు నుంచి చూస్తారు. గల్ఫు డబ్బొచ్చింది, దాంతో సంస్కరణ వచ్చింది, దర్గాలకి పోవద్దు, తావీజు కట్టొద్దు, పీర్లు ఎత్తొద్దు అన్నారు, స్థానికమైనది చచ్చిపోతోంది అని బాధపడతారు. తెలుగువాడు, కవి అఫ్సర్ మహమ్మద్ 2013లో ఆక్స్‌ఫర్డ్ వేసిన 'ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' పుస్తకంలో దీన్ని కొంత నిదానంగా చూశాడు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప పీరు చుట్టూ జరిగే మొహర్రం మీద ఆ పుస్తకం. ఊళ్లో పుట్టిన ఇస్లాంకీ, బయట నుంచి వచ్చి ఊళ్లో స్థిరపడే ఇస్లాంకీ తేడా చూపిస్తాడు. కుళ్లాయప్పకి మొక్కే ముస్లిమేతరుల భక్తిని భక్తిగానే పట్టించుకున్నాడు, వింతగా చూడలేదు. ఊరి భాష లోపలి నుంచి తెలిసిన మనిషి రాసిన పుస్తకమని ప్రతి పేజీలో తెలుస్తుంది.

నేను దానికి కలపాలనుకునేది రెండు మాటలు. ఒకటి, పంచుకున్న భక్తి అన్నప్పుడు పంచుకున్న పని ఎవరిదని అడగాలి. రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో డప్పు లేకుండా పీర్లు లేవవు. డప్పు కొట్టే చేతులకి కులం ఉంది. నిప్పుల గుండానికి గొయ్యి తవ్వేది, కట్టెలు మోసేది ఎవరు? పీరుని ఎత్తుకునే హక్కు ఎవరిది? భక్తి అందరిదీ, పని కొందరిదీ అయితే ఆ పండుగలో సామరస్యం ఎంతో, వెట్టి ఎంతో కొలుచుకోవాలి. రెండోది, సంస్కరణ అంటే ఆడదానికి ప్రతిసారీ నష్టమేనని తీర్మానించెయ్యకూడదు. తావీజులో అరబిక్ అక్షరం చదవనక్కర్లేదు, కట్టుకుంటే చాలు. దాని అర్థం రాసినవాడి దగ్గరే ఉంటుంది. ఖురాను తెలుగులోకి వచ్చాక, చదవడం వచ్చిన ఆడపిల్ల తనే తెరిచి చూసుకోగలదు. మొట్టమొదట ఖురాన్ని తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు మా ఉత్తరాంధ్ర మనిషే. తబ్లిగీ వాళ్ల మాట విని తావీజు తీసేసిన అమ్మాయి ఏం పోగొట్టుకుందో, ఏం సంపాదించుకుందో ఆ అమ్మాయినే అడగాలి. బైబిలు చదవడం కోసం అక్షరాలు నేర్చుకున్న మాలపేట ఆడవాళ్ల సంగతి తెలిసిన మనకి ఇది తెలియని విషయం కాదు. పాత దేవతల్ని వదిలేశారని వాళ్లని చూసి ఏడ్చినవాళ్లు అప్పుడూ ఊరిపెద్దలే.

ప్రపంచీకరణ ఇంకో తలుపు నుంచి కూడా వచ్చింది. దాన్ని ఈ పుస్తకాలు రాసేవాళ్లు తక్కువగా చూస్తారు, ఎందుకంటే అది వాళ్లు కూర్చున్న తలుపే. 2001 తర్వాత పాశ్చాత్య దేశాల్లో ముస్లింలని మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని రెండు రాశులు పోసే పని మొదలైంది. మహమూద్ మందానీ 2004లో 'గుడ్ ముస్లిం, బ్యాడ్ ముస్లిం' అనే పుస్తకమే రాశాడు. దర్గా, సూఫీ, ఖవ్వాలీ మంచి రాశిలో పడ్డాయి. వీటి మీద పరిశోధనకి గిరాకీ పెరిగింది. ఫ్లూకిగర్ ఆ గిరాకీ చూసి మొదలెట్టలేదు, ఆవిడ పని అంతకు చాలా ముందుదే. కానీ పుస్తకం 2006లో ఎలాంటి బజారులోకి వచ్చిందో మర్చిపోకూడదు. మన దేశంలో కూడా తావీజు కట్టే ముస్లిం మంచి ముస్లిం, రిజర్వేషన్ అడిగే ముస్లిం చెడ్డ ముస్లిం. గుడి ముందు ఒదిగి నిలబడే దళితుడు మంచివాడు, కేసు పెట్టేవాడు చెడ్డవాడు అయినట్టే.

స్థానిక జ్ఞానం అన్న మాట బరువు ఎంతో తెలియాలంటే దాన్ని మసీదూ దర్గాల దగ్గర్నించి తీసి ఒకసారి కూలి దగ్గర పెట్టి చూడాలి. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పప్పు మీది పొర తీసేది, రకాలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. మా అమ్మ ఆ పనే చేసింది. 240 రకం అంటే పౌనుకి రమారమి 240 పప్పులు, 320 అంటే 320. ఆ లెక్క ఇంగ్లీషు వ్యాపారులది. కానీ గుప్పెట్లోకి తీసుకున్న పప్పు ఏ రకమో తూకం లేకుండా చెప్పేది మా అమ్మ వేళ్లు. జీడిపిక్కలు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పలాసకి వస్తాయి, పప్పు దేశమంతా పోతుంది. ఇంతకంటే ప్రపంచీకరణ ఏముంది, ఇంతకంటే స్థానిక జ్ఞానం ఏముంది? అయినా కూలి లెక్కకట్టేటప్పుడు ఆ వేళ్లకి తెలిసినది ఎవరూ లెక్కపెట్టలేదు. అది తెలివి కాదు, అలవాటు అన్నారు. ఆడదాని చేతిలో ఉంటే అలవాటు, మేస్త్రీ చేతిలో ఉంటే పనితనం, పరిశోధకుడి చేతికొస్తే జ్ఞానం. అమ్మ గదిలోకి ఫ్లూకిగర్ తన టేప్‌రికార్డరుతో రాకపోతే ఆవిడ చేసేది కూడా అలవాటు కిందో, మూఢనమ్మకం కిందో పోయేది.

ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి తీసుకున్నా ఇంతే. ఎన్ని బృందాలొచ్చాయో, ఎన్నిసార్లు రక్తం తీసుకెళ్లారో, ఎన్నిసార్లు బోరునీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారో మా ఊళ్లవాళ్లకి లెక్క తెలుసు. కారణం ఇదీ అని అందరూ ఒప్పుకునే జవాబు రాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అది జరగడానికి రోగుల పోరాటం దశాబ్దాలు పట్టింది. ఆ రోగుల్లో డయాలసిస్ చేయించుకుంటూనే తాయెత్తు కట్టుకున్నవాళ్లు, దర్గాకి మొక్కుకున్నవాళ్లు, చర్చిలో ప్రార్థన చేయించుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరూ డాక్టరు మందు మానేసి తాయెత్తు కట్టుకోలేదని కాదు, అలాంటివాళ్లూ ఉన్నారు, పోయారు కూడా. వాడుక వైద్యాన్ని మెచ్చుకునే పుస్తకాలు ఈ చావుల దగ్గర మౌనంగా ఉండిపోతాయి. అమ్మ గదికి వచ్చినవాళ్లు ఆసుపత్రి దాకా పోలేక వచ్చారా, పోయి మోసపోయి వచ్చారా, రెండింటికీ కలిపి వచ్చారా అన్నది భక్తి ప్రశ్న కాదు. అది సర్కారు దవాఖానా ప్రశ్న, కూలి పోయిన రోజు ప్రశ్న. రోగులు చెప్పుకున్న కథలకి ఫ్లూకిగర్ ఒక అధ్యాయమంతా ఇచ్చింది. ఆ కథల్ని ఈ ప్రశ్నతో మళ్లీ చదవాల్సిన పని మనది.

మా ఇచ్ఛాపురంలో పీర్ల కొండ ఉంది. గోల్కొండ రాజ్యం ఉత్తర కొసన, చికాకోల్ సర్కారు కింద ఉన్న ఊరు మాది. ఆ కాలం గుర్తులు శ్రీకాకుళం జుమ్మా మసీదు నుంచి కళింగపట్నం దర్గా దాకా ఉన్నాయి. జిల్లాలో నూటికి ఒక్కరు కూడా ముస్లింలు లేరు. కాబట్టి ఇక్కడ కొండెక్కి మొక్కేవాళ్లలో ఎక్కువమంది ఎవరో జనాభా లెక్కలే చెప్తాయి. ఆ కొండ మీద పరిశోధన చేద్దామని ఇప్పటికే ఒకరిద్దరు విద్యార్థులు నాతో అన్నారు. చెయ్యాలి. అయితే హిందూ ముస్లిం ఐక్యత అని శీర్షిక ముందే రాసుకుని కొండెక్కొద్దు. పీరు మహిమల కథలు పోగు చెయ్యడం తేలికే, చెప్పేవాళ్లు దొరుకుతారు. దానికంటే కొండ దిగువన కొబ్బరికాయలు, సాంబ్రాణి అమ్మే ఆడవాళ్లది ఏ పేటో అడగండి. పైన దువా చదివే ఇంటివాళ్లు బీసీ-ఇ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో, ఆ ఇంటి ఆడపిల్లకి ఆ దువా నేర్పారో లేదో రాసుకోండి. మసీదు వాకిట్లో నీళ్ల సీసా పట్టుకు నిలబడ్డ ముసలమ్మ అంతకు ముందు ఏ ఏ గడపల ముందు నిలబడి వచ్చిందో, ఎక్కడెక్కడ తోసేశారో వరసగా చెప్పమనండి. చెప్తుంది, తొందరేం లేకుండా కూర్చుంటే.